అద్దాల మధ్య మసక

డబుల్ గ్లాస్ కిటికీని ఎంత తుడిచినా మసక పోవడం లేదా? రెండద్దాల మధ్యకు తేమ చేరిందన్నమాట. అంచుల సీలు వదిలితే ఇలా అవుతుంది. మధ్య పట్టీలో తేమ పీల్చే గుళికలుంటాయి గానీ, కొన్నాళ్లకు అవీ చేతులెత్తేస్తాయి. కిటికీ మొత్తం మార్చాల్సిందేనని పనివాళ్లు చెబితే తొందరపడొద్దు. ఫ్రేము బాగుంటే అద్దాల జత ఒక్కటే మార్పించుకోవచ్చు. పొడవు, వెడల్పుతో పాటు రెండద్దాలూ కలిపిన మందమూ కొలిపించాలి. అద్దానికి రంధ్రం చేసి ఆరబెడతామనేవాళ్లూ ఉన్నారు. మసక పోతుందేమో గానీ సీలు బాగుపడదు.

వానకు స్లైడింగ్ తలుపు ట్రాక్ నిండి గదిలోకి నీళ్లొస్తుంటే, ఫ్రేము అడుగున బయటివైపు సన్నని రంధ్రాలు వెతకండి. దుమ్ముతో పూడుకుపోయి ఉంటాయి. పాత టూత్‌బ్రష్షు చాలు. లీకేజీ అనుకుని వాటినే సిలికాన్‌తో మూసేస్తుంటారు కొందరు!