రీటేక్ లేని ఆట

ఈ వారం పచ్చళ్ళ కబుర్లు పక్కన పెట్టి చదరంగం ముచ్చట చెబుతాను. కంగారు పడకండి, గుర్రం ఎటు గెంతుతుందో తెలుసు గానీ నాకూ అంతకుమించి పెద్దగా రాదు.

2025 జులై 28, శ్రావణ సోమవారం. ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానానికి వెళ్ళొచ్చి, రాత్రి ఫలహారానికి ఉప్మా పొయ్యిమీద పడేసి, ఫోను పోపులడబ్బాకి ఆనించుకుని కూర్చున్నాను. జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. ఇటు మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి, 38 ఏళ్ళు. అటు నాగపూర్ పిల్ల దివ్యా దేశ్‌ముఖ్, 19 ఏళ్ళు. 2002లో హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఈ పిల్ల ఇంకా పుట్టనే లేదు! మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారికని క్వార్టర్ ఫైనల్లో ఓడించిందీ ఈ పిల్లే.

రెండు పెద్ద ఆటలూ అప్పటికే డ్రా. ఇక టై బ్రేక్. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తు వేసినప్పుడల్లా 10 సెకన్లు కలుస్తాయి. అందులోనూ మొదటిది డ్రాయే. రెండో ఆటలో హంపికి తెల్ల పావులు. బల్లమీద సంగతి నాకు సగమే అర్థమైంది గానీ గడియారం మాత్రం పూర్తిగా అర్థమైంది. కింద స్కూలు బస్సు హారను కొడుతుంటే టిఫిన్ డబ్బాకి మూత పెట్టే చెయ్యి ఎలా తడబడుతుందో మనకి వేరే చెప్పాలా? టైము తరిగేకొద్దీ ఇద్దరూ తప్పులు చేశారు. చివరి తప్పు హంపిది. కప్పు దివ్యది. ఆ పిల్ల వాళ్ళమ్మని కావిలించుకుని ఏడ్చేసింది. ఇక్కడ నా ఉప్మా అడుగంటింది.

"ఈ వయసులో చిన్నపిల్లలతో పోటీ ఎందుకూ, హాయిగా కోచింగ్ ఇచ్చుకోవచ్చుగా" అన్నారు మావారు ఫలహారం దగ్గర.

నాకు ఒళ్ళు మండింది. కాన్పు కోసం రెండేళ్ళు ఆటకి దూరమై, తిరిగొచ్చి, 2019లో మాస్కోలోనూ 2024లో న్యూయార్క్‌లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెల్చుకున్న మనిషండీ ఆవిడ! హారిక మాత్రం? 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు నెలలతో కూర్చుని ఆడింది. మన ఆడవాళ్ళ జట్టు కాంస్యం తెచ్చింది.

"మన పేటలో అరవై దాటిన హీరో కాలేజీ కుర్రాడి వేషం వేస్తే ఈలలు వేస్తారే, అప్పుడు వయసు గుర్తుకురాదా? పైగా ఆయనకి పది టేకులు. ఈవిడకి ముట్టుకున్న పావుని వెనక్కి పెట్టే వీలే లేదు" అన్నాను.

ఆయన మారు మాట్లాడకుండా మాడిన ఉప్మా చెక్కు తినేసి లేచారు.

మర్నాడు అటకమీంచి పిల్లల చదరంగం బల్ల దింపించాను. ఒక ఏనుగు కనబడలేదు. దాని బదులు యాలకుల సీసా మూత పెట్టుకుని ఆడుతున్నాం, నేనూ మావారూ.