సూత్రం కంఠస్థమైతే చాలునా?

ఇంజనీరింగు విద్యార్థులమైన మనం డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌ను సూత్రాల మూటగా కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోతున్నాం. ఇది విద్య అనిపించుకోదు.

డిజిటల్ టెలిఫోన్ వ్యవస్థలో కంఠధ్వనిని సెకనుకు 8,000 మార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. అదే వేగంతో 5,000 హెర్ట్జ్‌ల నాదాన్ని కొలిస్తే, అది 3,000 హెర్ట్జ్‌ల నాదంగా మారువేషం ధరిస్తుంది. ఆ అంకెలను మాత్రమే చూచి అసలు నాదమేదో ఎవరూ చెప్పజాలరు. అందువల్లనే సెకనుకు తీసే కొలతల సంఖ్య, ధ్వనిలోని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపును మించవలెనన్న నియమం ఏర్పడింది; క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన వ్యాసంలో దీనిని నిరూపించారు.

కంప్యూటర్ మీట నొక్కినంత మాత్రాన ఈ సత్యం బోధపడదు. గ్రాఫు కాగితంపై తరంగాన్ని గీసి, బిందువులను స్వహస్తాలతో గుర్తించినప్పుడే బోధపడుతుంది. ప్రయోగశాలలో మొదటి వారాన్ని ఇందుకే కేటాయించవలెనని మా అభిప్రాయం. ఆపైన సూత్రం దానంతటదే జ్ఞాపకముంటుంది.