ఉండేది ఆమె, ఓటు ఆయనది

మా అమ్మ హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక సీనియర్ సిటిజన్ల కాలనీలో మూడేళ్లుగా ఉంటోంది. నాన్న పోయాక తానే అక్కడికి వెళ్తానంది. మొన్న వేసవిలో ఒక రాత్రి బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. గోడకున్న బెల్లు నొక్కితే ఐదు నిమిషాల్లో నైట్ డ్యూటీ నర్సు వచ్చింది. తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉంది, మర్నాడే ఆపరేషనయింది. నేను సెలవు పెట్టి రెండు నెలలు ఆమెతో ఉన్నాను. అప్పుడు చూసిందీ, విన్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇలాంటి కాలనీల గురించి మాట్లాడేటప్పుడు మన పత్రికలు, టీవీలు ఒకటే పాట పాడతాయి: ఉమ్మడి కుటుంబాలు పోయాయి, కోడళ్లు ఉద్యోగాలకు పోతున్నారు, పెద్దవాళ్లు అనాథలయ్యారు అని. ఈ పాట పాడేవాళ్లు ఆ ఉమ్మడి కుటుంబాన్ని నడిపిన చాకిరీ ఎవరిదో చెప్పరు. మా అమ్మ పక్క ఫ్లాటులో ఉండే పిన్నిగారు అత్తగారికి పద్నాలుగేళ్లు మంచం మీద సేవ చేశారు. "అమ్మాయీ, మధ్యాహ్నం పూట నడుం వాల్చడమంటే ఏమిటో నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది" అన్నారు నాతో. ఆమె అనాథ కాదు, డెబ్బై నాలుగేళ్లకు సెలవు దొరికిన మనిషి. ఆ సెలవు కోడలి నెత్తి మీదకు మారకుండా దొరికినందుకు మనం సంతోషించాలి.

అయితే ఈ కాలనీ పితృస్వామ్యాన్ని గేటు బయట వదిలి వచ్చిందనుకుంటే పొరపాటే.

నేను వెళ్లిన రెండో నెలలో జనరల్ బాడీ మీటింగు జరిగింది. మెయింటెనెన్స్ ఖర్చు పెరుగుతోంది కనక నైట్ డ్యూటీ నర్సును తీసేసి, ఫోను చేస్తే వచ్చే అంబులెన్సు ఏర్పాటు చాలునని కమిటీ ప్రతిపాదించింది. కమిటీలో తొమ్మిదిమందీ మగవాళ్లే. ఆ నెలలోనే ముఖద్వారానికి కొత్త ఆర్చీ కట్టించడానికి డబ్బు మంజూరయింది, దాని మీద చర్చే లేదు. నర్సు వద్దన్నప్పుడు వెనక వరసల్లోంచి ఆడవాళ్లు చేతులెత్తారు. సెక్రటరీ గారు మర్యాదగానే అన్నారు: "అమ్మా, మీరు ఓనర్లు కాదు కదా, ఓటు ఓనరుకే. మీ అబ్బాయిల చేత మెయిలు పెట్టించండి."

మర్నాడు మా బ్లాకులో ఇంటింటికీ వెళ్లి అడిగాను. ఒంటరిగా ఉంటున్న స్త్రీలు తొమ్మిదిమంది. ఫ్లాటు సొంత పేరున ఉన్నది ఇద్దరికే. మిగిలిన ఏడూ కొడుకుల పేరనో, అల్లుళ్ల పేరనో ఉన్నాయి. ఆ ఓనర్లు డల్లాస్‌లోనో, సిడ్నీలోనో, బెంగుళూరులోనో ఉంటారు. ఇక్కడ రాత్రి రెండింటికి బాత్‌రూముకు లేచేది వాళ్లు కాదు. కానీ నర్సు కావాలో వద్దో తేల్చేది వాళ్ల ఓటు.

ఆ ఏడింటిలో మా అమ్మ ఫ్లాటూ ఒకటి. కొన్నది నాన్న ప్రావిడెంట్ ఫండు డబ్బుతో, అమ్మ నగలు అమ్మిన డబ్బుతో. రిజిస్టరయింది అన్నయ్య పేర. ఆ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నేనూ ఉన్నాను. "అన్నయ్యే చూసుకుంటాడులే" అన్నాను. ఇరవై ఏళ్లుగా స్త్రీల ఆస్తి హక్కు గురించి క్లాసులో పాఠం చెబుతున్నదాన్ని. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసిందనీ, దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదనీ గర్వంగా చెప్పేదాన్ని. సొంత తల్లి ఇంటి కాగితం దగ్గరకొచ్చేసరికి ఆ పాఠం గుర్తుకు రాలేదు. నాలాంటివాళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు. అందుకే ఇది సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

నర్సును తీసేసిన మూడు వారాలకు పిన్నిగారు రాత్రిపూట పడిపోయారు. ఫోను మంచం మీద ఉంది, ఆమె బాత్‌రూం గడప దగ్గర ఉన్నారు. పొద్దున పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు మూలుగు విని వాచ్‌మన్‌ను పిలిచేదాకా చల్లటి గచ్చు మీదే ఉన్నారు. ఆపరేషన్ ఆలస్యమయింది. ఇప్పుడామెది చక్రాల కుర్చీ. మా అమ్మ వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఈ తేడాకి కారణం వయసూ కాదు, కర్మా కాదు. ఒక నర్సు జీతం.

ముట్లుడిగాక స్త్రీల ఎముకలు పురుషుల కంటే వేగంగా పలచబడతాయి. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం దేశం మొత్తంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే అందరికంటే ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల అరుగుదల ముప్ఫైలలోనే మొదలవుతుంది. అంటే మన ముసలితనపు రోగాలు చాలావరకు మన యవ్వనంలో మన శరీరాల మీద జరిగినవాటి ఫలితాలే.

ఆ మాట నాకు పుస్తకాల కంటే బాగా చెప్పింది అమ్మను చూసుకునే ఆయా. పాలమూరు జిల్లా మనిషి. ఇరవై ఆరేళ్లకు కడుపునొప్పని పోతే ప్రైవేటు డాక్టరు గర్భసంచి తీసేశాడు. ఇప్పుడు యాభై దాటాయి. నడుం పట్టేసినా రోజుకు పన్నెండు గంటలు మా అమ్మను లేపాలి, కూచోబెట్టాలి, కడగాలి. నేను ఏజెన్సీకి నెలకు ఇరవై రెండు వేలు కడితే ఆమె చేతికొచ్చేది పద్నాలుగు. సెలవు పెడితే కోత. కాలనీ పార్కు బెంచీల మీద ఆయాలు కూచోకూడదని బోర్డుంది. "మిమ్మల్ని చూసుకోను మేమున్నం, మరి మమ్మల్ని ఎవరు చూస్తరక్కా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నా మధ్యతరగతి తల్లి గౌరవంగా ముసలిదవడానికి ఇంకో స్త్రీ తన నడుమును తాకట్టు పెడుతోంది. కోడలి చాకిరీకి ఊరట దొరికిందని పైన రాశాను. ఆ చాకిరీ మాయం కాలేదు, కులంలో, వర్గంలో కిందున్న స్త్రీ మీదకు దిగింది. ఈ మాట దాటేసి వృద్ధ స్త్రీల హక్కుల గురించి మాట్లాడటం మోసం.

మరి ప్రభుత్వం ఎక్కడుంది? 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, నెలకు పదివేల దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని 23వ సెక్షన్ కింద వెనక్కి తీసుకోవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కొడుక్కిచ్చిన గిఫ్టు డీడును ఇలాగే రద్దు చేసింది. మంచిదే. కానీ అదే చట్టంలో జిల్లాకొక వృద్ధాశ్రమం సంగతి వచ్చేసరికి రాష్ట్ర ప్రభుత్వం స్థాపించ'వచ్చు' అని రాశారు, స్థాపించాలి అనలేదు. పిల్లలకైతే శిక్ష, తనకైతే వెసులుబాటు! పైగా ఈ చట్టాన్నే అడ్డం పెట్టుకుని అత్తమామల చేత కేసు వేయించి భార్యను ఇంట్లోంచి గెంటించే కొడుకులు తయారయ్యారు. గృహహింస చట్టం కింద కోడలికున్న నివాస హక్కును ఇలా తుడిచేయడం కుదరదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. ఒక స్త్రీ రక్షణ కోసం చేసిన చట్టాన్ని ఇంకో స్త్రీ మీద ఆయుధం చేయడం మన కుటుంబాలకు కొత్త కాదు.

ఇక డిమాండ్లు:

ఒకటి, ఇలాంటి కాలనీలలో ఓటు ఓనరుకు కాదు, అక్కడ నివసించే మనిషికి ఉండాలి. కమిటీలో సగం స్థానాలు స్త్రీలవి కావాలి.

రెండు, రాత్రిపూట నర్సు, బాత్‌రూంలో పట్టుకునే కమ్మీలు, నేల దగ్గర చేతికందే బెల్లు వసతులు కావు, ప్రాణరక్షణ. వాటిని మెజారిటీ ఓటుతో తీసేసే వీలు ఉండకూడదు. వృద్ధుల గృహ సముదాయాలకు కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని తప్పనిసరి నిబంధనలుగా మార్చాలి.

మూడు, ఆయాలకు ఎనిమిది గంటల పని, వారానికొక సెలవు, ఏజెన్సీ కోతకు పరిమితి, వృద్ధాప్య పెన్షన్ కావాలి. కేంద్రం 60 నుంచి 79 ఏళ్ల పేదలకిచ్చే వాటా నెలకు 200 రూపాయలు. ఇంకొకరి ముసలితనాన్ని మోసినవాళ్లకు మనమిచ్చే విలువ అదా?

కాలనీలో స్త్రీలు ఊరుకోలేదు. సంతకాలు పెట్టి మళ్లీ మీటింగు అడిగారు. కొడుకులకు ఫోన్లు చేసి తమ పేర ఓటు అధికార పత్రాలు తెప్పించుకుంటున్నారు. కొందరు పంపారు, కొందరు "ఈ గొడవలు నీకెందుకమ్మా" అన్నారు. అన్నయ్య పంపాడు, నేను నాలుగుసార్లు అడిగాక. నర్సు ఇంకా రాలేదు. పార్కు బెంచీల మీది బోర్డును మాత్రం పిన్నిగారు చక్రాల కుర్చీలో వెళ్లి, వాచ్‌మన్ చేత పీకించారు.

ఇది చదివేవాళ్లు ఒక పని చేయండి. మీ అమ్మ ఉంటున్న ఇంటి కాగితం ఎవరి పేర ఉందో ఇవాళే కనుక్కోండి. ఆమెను చూసుకునే మనిషి చేతికి ఎంత అందుతోందో ఆ మనిషినే అడగండి. తర్వాత మాట్లాడుకుందాం.