హైవే ఫేసింగ్ ఇల్లు

మా వైపు ఈమధ్య పెళ్ళి సంబంధాల్లో ఒక కొత్త మాట చేరింది. "ఇల్లు హైవే ఫేసింగండీ" అని. ఇదివరకు మిర్చి వేసే పొలం ఎంత, బోరులో నీళ్ళున్నాయా, ఇంట్లో పాడి ఉందా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఇల్లు రోడ్డుకి ఎంత దగ్గరుంటే పెళ్ళికొడుకు ధర అంత పైకి పోతోంది. ఆ ఇంట్లో కాపురం చెయ్యాల్సిన పిల్లని మాత్రం ఎవరూ అడగరు, "నీకు నిద్ర పడుతుందా అమ్మా" అని.

ఈ మాట నేనిప్పుడు ఎందుకు ఎత్తానంటే మా ఇంట్లోనూ అదే చర్చ నడుస్తోంది. మాది పెనుగంచిప్రోలు, తిరుపతమ్మ తల్లి ఊరు. మున్నేటి ఒడ్డు. 2024 సెప్టెంబరులో మున్నేరు ఎలా పొంగిందో మీరు టీవీల్లో చూసే ఉంటారు. మా వంటింట్లో మోకాలి లోతు నీళ్ళు. బియ్యం డబ్బా, మిక్సీ, మా అత్తగారి మంచం, అన్నీ బురదే. ఆ బురద కడిగిన రోజు నుంచీ మా ఆయనకి ఊళ్ళో ఉండబుద్ధి కావట్లేదు. నవాబుపేట దగ్గర హైవేని ఆనుకుని ఐదు సెంట్ల స్థలం చూసి వచ్చారు. దానికి డబ్బు ఎక్కడిదీ అంటే, పసుపు కుంకుమల కింద మా నాన్న నాకు రాసిచ్చిన ఎకరం అమ్మాలి. సంతకం పెట్టాల్సింది నేను. కాబట్టి ఆలోచించే హక్కు కూడా నాదే అనుకుని, నాలుగు నెలలుగా ఆలోచిస్తున్నాను.

రోడ్డు వల్ల మంచి లేదని అనను. బస్సు కోసం ఆటోలో కుదుపులు తింటూ పోనక్కర్లేదు. అత్తగారికి ఆయాసం ఎక్కువైతే నందిగామకో విజయవాడకో గబగబా చేర్చవచ్చు. అమ్మాయి కాలేజీ బస్సు గుమ్మంలో ఆగుతుంది. ఎండాకాలం ముంజెలు, వర్షాకాలం మొక్కజొన్న కండెలు అమ్ముకుని ఇల్లు నడుపుకుంటున్న ఆడవాళ్ళు ఆ రోడ్డు పక్కన ఎంతమందో ఉన్నారు. వాళ్ళ పొయ్యి వెలుగుతోంది ఆ రోడ్డు వల్లే. అదీ నిజమే.

కానీ ఈ లెక్కలన్నీ బయటికి వెళ్ళే మనిషి లెక్కలు. విజయవాడ ఎంతసేపు, హైదరాబాదు ఎంతసేపు అని. ఇంట్లో ఉండే మనిషి లెక్క వేరు. మా ఆయన పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి వస్తారు. ఆ పన్నెండు గంటలూ ఆ రోడ్డుతో కాపురం చేసేది నేనూ, మా అత్తగారూ.

మా ఆడపడుచు ఇల్లు హైవే మీదే, నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య ఒక ఊళ్ళో. మొన్న సంక్రాంతి తర్వాత ఐదు రోజులున్నాను అక్కడ. ముందుగది తలుపు తీస్తే అవతల మాట వినపడదు. ఇంటిల్లిపాదీ గట్టిగా మాట్లాడతారు, వాళ్ళకి తెలియదు అలా మాట్లాడుతున్నామని. ఫోను వస్తే పెరట్లోకి పరుగు. టీవీ సౌండు నలభై మీద పెడితే గానీ సీరియల్లో అత్త ఏం తిడుతోందో అర్థం కాదు. రాత్రి పది దాటాక కార్లు తగ్గుతాయి, అప్పుడు సిమెంటు లారీల వంతు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే కదా. లోడు లారీ వెళ్తుంటే స్టాండులో గిన్నెలు సన్నగా మోగుతాయి. ఎయిర్ హారన్ కొడితే మూడేళ్ళ మనవడు నిద్రలో ఉలిక్కిపడి వాళ్ళమ్మ చీరకొంగు పట్టుకుంటాడు. "అలవాటైపోయింది వదినా" అంది మా ఆడపడుచు. బీపీ మాత్ర వేసుకుంటూ అంది ఆ మాట.

మన ప్రభుత్వమే 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్యం మీద నియమాలు చేసింది. మనుషులు నివసించే చోట పగలు 55 డెసిబెల్సు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదని అందులో ఉంది. నలభై అయిదంటే నెమ్మదిగా చెప్పుకునే కబుర్ల మోతాదు. హైవే పక్క ముందుగదిలో రాత్రి రెండింటికి ఆ మాట చదివితే నవ్వొస్తుంది. రోడ్డు చప్పుడు ఎక్కువ కాలం వింటే నిద్ర చెడటమే కాదు, గుండెకి కూడా మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తన మార్గదర్శకాల్లో చెప్పింది. అలవాటైందని అనుకునేది మనసు. ఒంటికి అలవాటు కాదట.

ఇక దుమ్ము. ఇది మాత్రం మగవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మామూలు ఇంట్లో దుమ్మంటే మట్టి, చీపురుకి వస్తుంది. హైవే దుమ్ము నల్లగా, జిడ్డుగా ఉంటుంది. టైరు అరిగిన పొడి, డీజిలు పొగ కలిసిన మసి అది. తుడిస్తే పోదు, పూసుకుంటుంది. మా ఆడపడుచు రోజుకి రెండుసార్లు ఇల్లు తడిగుడ్డ పెడుతుంది. కిటికీ కర్టెన్లు పిండితే బకెట్లో కాఫీ డికాక్షనే. డాబా మీద ఒడియాలు పెట్టడం మానేసి ఎన్నేళ్ళైందో. ఆవకాయ కారం కోసం మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి మా ఇంటికి పంపిస్తుంది. మిర్చి పండే సీమలో ఉండి మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి చోటు లేకపోవడం ఏమిటండీ! తులసికోటని పెరట్లోకి మార్చుకుంది, ఆకుల మీద మసి చూడలేక.

కంటికి కనిపించే మసి కంటే కనపడనిదే ఎక్కువ చెరుపు చేస్తుందట. అమెరికాలో హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 2010లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గుదిగుచ్చి చూసింది. పెద్ద రోడ్డుకి 300 నుంచి 500 మీటర్ల లోపు ఉన్నవాళ్ళ మీద వాహనాల పొగ ప్రభావం ఎక్కువనీ, పిల్లల్లో ఉబ్బసం పెచ్చుమీరడానికి అది కారణమవుతుందనీ తేల్చింది. అంతకు ముందే 2003లో కాలిఫోర్నియా రాష్ట్రంలో చట్టం చేశారు, ఫ్రీవేకి 500 అడుగుల లోపు కొత్త బడి మామూలుగా కట్టకూడదని. మన దగ్గర? "హైవే పక్కనే మా స్కూలు" అని కరపత్రంలో పెద్దక్షరాలతో వేసుకుంటారు.

మా అత్తగారికి ఆయాసం అన్నాను కదా. హాస్పిటల్‌కి త్వరగా చేరవచ్చనే ఆ రోడ్డు పక్కకి పోదామంటున్నారు మా ఆయన. అక్కడికి వెళ్తే హాస్పిటల్‌కి వెళ్ళాల్సిన అవసరం ఎక్కువసార్లు వస్తుందేమోనని నా భయం. ఈ ముక్క ఆయనకి చెప్తే "నీకు అన్నీ అడ్డంగానే తోస్తాయి" అన్నారు. సరే.

రోడ్డు దాటడం గురించి చెప్పాలి. ఈ రోడ్డు నా చిన్నప్పుడు తొమ్మిదో నంబరు. ఇప్పుడు 65. పూణె నుంచి మచిలీపట్నం దాకా. పాత రోడ్డుకి రెండు పక్కలా చెట్లుండేవి, ఎడ్లబండి వెళ్ళేది, మనిషి నడిచేవాడు. 2012 నాటికి నాలుగు వరసలైంది. దారి పెద్దదైనకొద్దీ ఊరు రెండు ముక్కలైంది. ఇల్లు ఇవతల, పొలం అవతల. బడి ఇవతల, రేషను షాపు అవతల. చుట్టూ తిరిగి రావాలంటే కిలోమీటరు. కూలికి పోయే ఆడవాళ్ళు పొద్దున్నే అన్నం క్యారేజీలు పట్టుకుని డివైడరు ఎక్కి దిగుతుంటారు. చూస్తే గుండె ఝల్లుమంటుంది. రాంగ్ రూటులో ఎదురొచ్చే బైకుల సంగతి సరేసరి.

'రహదారి' అన్న మాట మనకి ఫార్సీ నుంచి వచ్చింది. ఒకప్పుడు దారి మీద వెళ్ళే సరుకు మీద వసూలు చేసే సుంకానికి కూడా అదే పేరు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర కారు ఆగినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. మన 'బాట' అలా కాదు. నలుగురు నడిస్తే పడేది. (బీఏ తెలుగు చదివి ఏం బావుకున్నావని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు.)

2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున మా మండలంలోనే, ముండ్లపాడు దగ్గర, భువనేశ్వర్ నుంచి హైదరాబాదు వెళ్తున్న బస్సు డివైడరుని కొట్టి రెండు వంతెనల మధ్య సందులో పడింది. పదిమంది దాకా పోయారు. అలాంటి వార్త పేపర్లో చదివి మనం పేజీ తిప్పేస్తాం. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళు తిప్పలేరు. మా ఆడపడుచు ఇంట్లో పాత దుప్పట్లు ఒక మూట కట్టి వరండాలో ఉంచుతారు. ఎందుకని అడిగాను. ఎవరికైనా దెబ్బలు తగిలితే కప్పడానికట. ఆవిడ ఇద్దరికి గుక్కెడు నీళ్ళు పట్టింది, అందులో ఒకాయన దక్కలేదు. తర్వాత పదిరోజులు అన్నం సయించలేదని చెప్పింది. సాయం చేస్తే పోలీసులు తిప్పుతారని మగవాళ్ళు కాస్త జంకుతారు గానీ, ఆ భయం ఇప్పుడక్కర్లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ కింద 2020లో తెచ్చిన నియమాల్లో, సాయం చేసినవాళ్ళ పేరు కూడా బలవంతంగా అడగకూడదని రాశారు. 108 సంగతి అందరికీ తెలుసు, జాతీయ రహదారి మీద అయితే 1033కి కూడా చెయ్యొచ్చు. మీలో హైవే పక్కన ఉంటున్నవాళ్ళు ఈ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

సాయంత్రం ఏడు తర్వాత అక్కడి ఆడపిల్లల పరిస్థితి వేరే రాయాలి. దాబా ముందు ఆగిన లారీల వరస, తాగి ఊగే తెలియని మొహాలు. ఊళ్ళో అయితే వీధి చివర నిలబడ్డ కుర్రాడు ఎవరి కొడుకో మనకి తెలుసు, వాళ్ళమ్మకి చెప్తాం. అక్కడ ఎవరికి చెప్తాం?

వీటన్నిటికీ మా ఆయన జవాబు ఒకటే, "రేటు పెరుగుతుందే". పెరుగుతుంది. కానీ ఈ రోడ్డుని ఆరు వరసలు చేస్తామంటున్నారు. అప్పుడు స్థలం ఎవరిది తీసుకుంటారు? ఆనుకుని ఉన్నవాళ్ళదే. జాతీయ రహదారుల చట్టం ప్రకారం భూసేకరణ నోటిఫికేషను వచ్చాక అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులే గడువు. అది పేపర్లో పడుతుంది, మనం చూడం. పరిహారం ఇస్తారు, కాదనను. కానీ ఐదు సెంట్లలో రెండు పోతే మిగిలిన మూడు సెంట్లలో వరండా లేని, మెట్లు కోసేసిన ఇంట్లో ఉండేదెవరు? నాలుగు వరసలప్పుడు సగం కోసిన ఇళ్ళు ఈ దారి పొడుగునా ఉన్నాయి, పడగ్గది గోడ మీద పాత రంగు వీధిలోకి కనపడుతూ.

వరద మాటా చెప్పాలి, అసలు అక్కణ్ణించే కదా మొదలైంది. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదకే వచ్చింది. వాహనాలు నిలిచిపోయాయి. 2024లో మళ్ళీ అదే. నవాబుపేట వైపు నీళ్ళు రాకపోవచ్చు, కానీ మేం ఇంటిల్లిపాదీ తడిసిన బట్టలతో నిలబడ్డ ఆ రోజున విజయవాడ వెళ్ళే దారే లేదు. ఏ సౌకర్యం కోసం ఆ చప్పుడంతా భరిద్దామంటున్నారో, అవసరం పడ్డ రోజున అదే లేకపోయింది.

అలాగని మున్నేటి ఒడ్డునే ఉండిపోదామనడం లేదు నేను. మెరక కావాలి, ఒప్పుకుంటాను. నీళ్ళంటే అత్తగారికి ఇప్పటికీ వణుకే, మబ్బు పడితే మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుంటుంది. అందుకని ఒక షరతు పెట్టాను. మెరక మీద ఉండాలి, రోడ్డుకి కనీసం అర కిలోమీటరు లోపలికి ఉండాలి, మధ్యలో నాలుగు చెట్లో నాలుగిళ్ళో అడ్డం ఉండాలి. అలాంటి చోటైతే నా ఎకరం అమ్మడానికి సంతకం పెడతాను. ఆనుకున్న స్థలమే కావాలంటే, ముందు వాళ్ళ చెల్లెలింట్లో ముందుగదిలో పది రాత్రులు పడుకుని రమ్మన్నాను. పండక్కి వెళ్ళినప్పుడు పడుకున్నట్టు వెనక గదిలో ఏసీ వేసుకుని కాదు, కిటికీ తీసుకుని.

మూడు రాత్రులు పడుకున్నారు. నాలుగో రోజు పొద్దున్నే ఇంటికొచ్చి కాఫీ అడిగి, తాగకుండానే వసారాలో మంచం మీద వాలి మధ్యాహ్నం దాకా నిద్రపోయారు. నేను ఏమీ అనలేదు. ఆదివారం లోపలి రోడ్డులో ఇంకో రెండు స్థలాలు చూడ్డానికి వెళ్తున్నాం, ఈసారి అత్తగారిని కూడా తీసుకుని.