'మంచి'కి మంచి రోజులు ఎప్పుడు?

తెలుగులో అతి మామూలు విశేషణం ఏదంటే 'మంచి' అని చెప్పవచ్చు. అంత మామూలు మాట కనుకనే దాన్ని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేది ఒక్కచోటే: పరీక్ష పేపరు దిద్దేటప్పుడు! "పంట మంచిగ పండింది" అని రాసిన విద్యార్థికి 'మంచిగ' కింద ఎర్రగీత, పక్కన 'బాగా' అని సవరణ. ఇది న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

ముందు ఈ మాట సంగతి చూద్దాం. 'మంచినీళ్ళ'కు ఎదురుమాట చెడ్డనీళ్ళు కాదు, ఉప్పునీళ్ళు. మన ఇళ్ళల్లో 'మంచినూనె' అంటే వంటనూనె, దీపంలో పోసే గ్యాసునూనె కాదు. 'మంచి ఎండ'లో మంచితనమేమీ లేదు, నడినెత్తి మాడిపోవుడే! 'మంచిది' అంటే ఒప్పుకున్నట్టు. "మంచి పనైంది" అంటే మాత్రం ఎదుటివాడికి తగిన శాస్తి జరిగినట్టు. మాట ఒకటే, అర్థం సందర్భాన్ని బట్టి.

ఇక అసలు విషయం. మన కోహీర్ జామకాయల గంప దగ్గర నిలబడి వినండి. "కోహీర్ జామ మంచిది" అంటే అది జాతి గుణం. "ఈ కాయ మంచిగున్నది" అంటే చేతిలో ఉన్న కాయ సంగతి. అట్లాగే "వాడు మంచోడే గాని, ఇయ్యాల పానం మంచిగ లేదు" అంటాం. మొదటిది స్వభావం, రెండోది స్థితి. రెండో చోట పుస్తకాల భాష 'బాగు'ను పిలుచుకొస్తుంది. మనవాళ్ళు ఒక్క 'మంచి'తోనే, చివర మార్చి, రెండు పనులూ చేయిస్తారు. దీన్ని పొరపాటు అందామా, పొదుపు అందామా?

జామచెట్టు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణదేశాలు. ఇంగ్లీషువాళ్ళ 'గువా' కూడా స్పానిష్ 'గువాయాబా' నుంచి వచ్చిందే. ఆ స్పానిష్‌లో మన 'మంచి'కి సాటి 'బ్వేనో'. పండును బట్టి స్త్రీలింగమైతే 'బ్వేనా'. అక్కడా ఇదే తేడా ఉంది. స్వభావం చెప్పడానికి 'సెర్' అనే క్రియ, స్థితి చెప్పడానికి 'ఎస్తార్' అనే క్రియ వాడతారు. 'ఎస్ బ్వేనా' అంటే జామపండు ఆరోగ్యానికి మంచిదని, 'ఎస్తా బ్వేనా' అంటే తింటున్న పండు రుచిగా ఉందని. మనిషి విషయంలో క్రియ మారితే 'మంచివాడు' కాస్తా 'అందగాడు' అయి, కొత్తగా నేర్చుకునేవాడు నవ్వులపాలవుతాడు! మెక్సికోలో ఫోనెత్తితే మన 'హలో' బదులు 'బ్వేనో?' అంటారు. ఈ భేదాన్ని ఆ భాష వ్యాకరణంలో పాఠంగా చెబుతారు. మన దగ్గర అదే భేదం పలికితే మార్కులు కోస్తారు.

పత్రికలకూ పాలనకూ అందరికీ అర్థమయ్యే ఒక రాతభాష కావాలి. కాదనను. కాని జనం పలికే భాషను రాతలోకి తేవాలని గిడుగు రామమూర్తి (1863–1940) జీవితమంతా పోరాడింది ఎందుకు? ఒక గ్రాంథికాన్ని దించి, కొన్ని జిల్లాల వ్యవహారాన్ని మరో గ్రాంథికంగా గద్దెనెక్కించడానికి కాదు గదా! భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలను సేకరించి చేసిన వ్యవసాయ మాండలిక పదకోశం 1962లోనే అచ్చయింది. 2014లో తెలంగాణ వచ్చాక కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ ఒక్కరోజు దండలేసి, మర్నాడు ఎర్రసిరా తీస్తే ఏం లాభం?

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: మాట కొట్టేసేముందు "మీ ఊళ్ళో దీన్ని ఎట్ల వాడతారు?" అని అడగండి. మిత్రులారా, మీరూ ఊరికి పోయినప్పుడు పది మాటలు, వాటి వాడుకతో సహా, రాసుకుని రండి. తెలుగుతోపాటు దక్కనీ, కన్నడం వినబడే ఈ సరిహద్దు సీమలో అవి దొరకడం కష్టం కాదు. వచ్చే ఏటి సంచికలో నాలుగు పేజీలు వాటికే కేటాయిద్దాం.