ఐదేళ్ళ బిడ్డకు ఏ లెక్కల పుస్తకం కొనాలి?



మన సంఘంలో పెరిగి, పెళ్ళిళ్ళయి ఇప్పుడు అమెరికాలో ఉంటున్న కుటుంబాల్లో కొందరు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నారు. వాళ్ళ దగ్గర నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అయ్యగారూ, బైబిలు, చదవడం, రాయడం మేం చూసుకోగలం. లెక్కల దగ్గరే భయం. ఐదేళ్ళ బిడ్డకు ఏ పుస్తకం కొనమంటారు? క్రైస్తవ పుస్తకమే కొనాలా?"

లెక్కల పుస్తకం సంగతి పాస్టరుకెందుకని కొందరికి అనిపించవచ్చు. ఎందుకంటే, ఐదారేళ్ళ వయసులో "నాకు లెక్కలు రావు" అని బిడ్డ మనసులో ఒకసారి అనుకున్నాడంటే ఆ మాట చాలా ఏళ్ళు వాడి వెంట నడుస్తుంది. బడిలో అయితే ఆ మాట టీచరు ముందు పుడుతుంది. ఇంటి చదువులో అమ్మ ముందే పుడుతుంది. పొద్దున కూడిక దగ్గర కసురుకున్న అమ్మే రాత్రి పక్కన కూర్చుని ప్రార్థన చేయించాలి. కాబట్టి ఇది పుస్తకాల సంగతి మాత్రమే కాదు, ఇంటి సమాధానానికి సంబంధించిన సంగతి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పుస్తకం మీద ఉన్న ముద్ర చూసి కొనకండి. వేగం చూసి కొనకండి. బిడ్డ చేతికి పని పెట్టే పుస్తకం, మీరు రోజూ నెమ్మదిగా చెప్పగలిగే పుస్తకం కొనండి. ఎందుకో వివరిస్తాను.

మనవాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌నే తీసుకుందాం. ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా చూడాలని అక్కడి సుప్రీంకోర్టు 1994లో లీపర్ కేసులో తీర్పు చెప్పింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా నడుచుకోవడం, ఈ 5 విషయాలను నిజాయితీగా బోధిస్తే చాలు. ఏ పుస్తకం వాడాలో ప్రభుత్వం చెప్పదు, పరీక్షా పెట్టదు. ఇది గొప్ప స్వేచ్ఛ. అయితే బరువంతా అమ్మానాన్నల మీదే పడుతుంది. అడిగేవాళ్ళు లేనిచోట పక్కింటివాళ్ళను చూసి కొనడం, భయపడి కొనడం ఎక్కువవుతుంది.

అక్కడి కుటుంబాలు ఎక్కువగా చెప్పుకునే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. శాక్సన్ పుస్తకాలు అమెరికా వైమానిక దళంలో పనిచేసి, తర్వాత కాలేజీలో లెక్కలు చెప్పిన జాన్ శాక్సన్ పేరు మీద వచ్చినవి. రోజుకు కొంచెం కొత్త పాఠం, దాంతోపాటు పాత పాఠాలన్నీ తిరగేయించడం వాటి పద్ధతి. చిన్న తరగతుల పుస్తకాల్లో టీచరు ఏం మాట్లాడాలో కూడా రాసి ఉంటుంది. స్టీవ్ డెమీ తయారుచేసిన మ్యాథ్ యు సీ మరో రకం. రంగురంగుల దిమ్మెలతో ఒక్కో విషయం గట్టిపడేదాకా దాని మీదే ఉంటుంది. ఆల్ఫా అనే మెట్టులో ఏడాది పొడవునా ముఖ్యంగా ఒక అంకె కూడికలు, తీసివేతలే.

సింగపూరు లెక్కలు ఆ దేశం తన బడుల కోసం చేసుకున్నవి. ప్రైమరీ మ్యాథమేటిక్స్ అనే ఆ పుస్తకాలు మొదట 1982లో వచ్చాయి. 1995లో జరిగిన అంతర్జాతీయ పరీక్షలో సింగపూరు పిల్లలు లెక్కల్లో మొదటి స్థానంలో నిలిచాక లోకం కన్ను వాటి మీద పడింది. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె అన్నది వాటి వరుస. రైట్‌స్టార్ట్ అనేది జోన్ కాటర్ రూపొందించింది. ఐదేసి పూసలకు ఒక రంగు చొప్పున ఉన్న పూసల చట్రంతో, పేక ఆటల వంటి ఆటలతో పాఠం నడుస్తుంది. ఒకటొకటిగా లెక్కపెట్టకుండా ఐదులుగా, పదులుగా చూడడం నేర్పుతుంది.

వీటిలో చెడ్డదేమీ లేదు. ఒక్కొక్కటి ఒక్కో ఇంటికి సరిపోతుంది. పాఠం చెప్పడానికి మాటలు తడుముకునే తల్లికి ఏం మాట్లాడాలో రాసి ఉన్న పుస్తకం ఊతకర్ర లాంటిది. మార్పు లేకపోతే విసిగిపోయే బిడ్డకు ఏడాదంతా ఒకే విషయం బరువవుతుంది. త్వరగా మరిచిపోయే బిడ్డకు రోజూ తిరగేయించే పుస్తకం మేలు చేస్తుంది. ఏది గొప్పది అని అడగకండి. ఈ బిడ్డకు, ఈ అమ్మకు ఏది సరిపోతుంది అని అడగండి.

ఇక క్రైస్తవ పుస్తకం మాట. ఆపిళ్ళ బొమ్మకు బదులు నోవహు ఓడ బొమ్మ వేసి, పేజీ పైన ఒక వాక్యం అచ్చువేసినంత మాత్రాన కూడిక పరిశుద్ధం కాదు. ఏడు, ఐదు కలిపితే పన్నెండు కావడం దేవుడు అందరికీ సమంగా ఇచ్చిన సత్యం. అది విశ్వాసి ఇంట్లో ఒకలా, అవిశ్వాసి ఇంట్లో ఒకలా ఉండదు. పాఠం బాగున్న క్రైస్తవ పుస్తకం దొరికితే సంతోషంగా కొనుక్కోండి, కాని పాఠం కోసం కొనండి. పాఠం సరిగా లేకుండా వాక్యం మాత్రమే ఉన్న పుస్తకం కొంటే బిడ్డకు రెండూ చేదవుతాయి. అర్థం కాని లెక్క పక్కనే రోజూ కనిపించే వాక్యాన్ని వాడు ప్రేమిస్తాడా?

విశ్వాసం లెక్కల్లోకి వచ్చే దారి వేరే ఉంది. దొంగత్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెబుతుంది. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా సువార్తలో చెప్పాడు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోయిందని కాపరికి తెలిసిందంటే అతను లెక్కపెట్టుకున్నాడు కాబట్టే. సరైన తూకం, ముందుచూపు, ఒక్కరిని కూడా వదలని శ్రద్ధ, ఇవి లెక్కల్లో ఉన్న భక్తి. పాఠం చెప్పే తల్లి ఓపికలో బిడ్డ వీటిని చూస్తాడు. పుస్తకం అట్ట మీద చూడడు.

రెండో మాట, చేతి సంగతి. ఐదేళ్ళ బిడ్డకు అంకె అంటే కాగితం మీద గీత. ఎనిమిది అన్నది వాడి చేతిలో చింతపిక్కలుగా ఉంటేనే ఎనిమిది అవుతుంది. మన దేశంలో 2022లో వచ్చిన, 3 నుంచి 8 ఏళ్ళ పిల్లల చదువుకు సంబంధించిన జాతీయ పాఠ్యప్రణాళిక కూడా ఇదే వరుస చెబుతుంది: ముందు అనుభవం, తర్వాత మాట, తర్వాత బొమ్మ, చివర రాసే గుర్తు. మనం చాలా ఇళ్ళల్లో దీన్ని తలకిందులు చేస్తాం. ముందు పలకా బలపం ఇచ్చి నూరు దాకా రాయిస్తాం. బిడ్డ నూరు దాకా రాస్తాడు, కాని గిన్నెలో ఉన్న ఏడు వేరుశనగ పప్పుల్లో మూడింటిని అరచేత్తో మూసి "లోపల ఎన్ని దాచాను?" అంటే బిక్కమొహం వేస్తాడు.

ఇక్కడ మన తెలుగు బిడ్డలకు దేవుడిచ్చిన ఒక మేలు ఉంది. ఇంగ్లీషులో ఎలెవెన్, ట్వెల్వ్ అన్న మాటల్లో చిన్న బిడ్డ చెవికి పది వినిపించదు. ఫోర్టీన్ అంటే నాలుగు ముందు వినిపిస్తుంది, అందుకే కొందరు పిల్లలు 14 అనబోయి 41 అని రాస్తారు. మన పద్నాలుగులో పది ముందు, నాలుగు తర్వాత, రాసే వరుసలోనే పలుకుతాం. ఇరవై దాటాక ఇంకా తేలిక. ఇరవై మూడు, నలభై ఏడు, పలికినట్టే లెక్క. హిందీలో తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ వేరే మాట నేర్చుకోవాలి. పైన చెప్పిన రైట్‌స్టార్ట్ పద్ధతి ఇంగ్లీషు పిల్లల చేత మొదట్లో ఫోర్టీన్ బదులు టెన్ ఫోర్ అనిపిస్తుంది, పది వినిపించాలనే. డబ్బు పెట్టి కొనుక్కునే ఆ సాయం మీ అమ్మమ్మ నోట్లో ఉంది. అమెరికాలో ఉన్నా సరే, ఇంట్లో మెట్లు ఎక్కేటప్పుడు, చపాతీలు లెక్కపెట్టేటప్పుడు తెలుగులో లెక్కించండి. పుస్తకం ఇంగ్లీషులోనే ఉండనివ్వండి.

మూడో మాట, అమ్మ సంగతి. పుస్తకం కొనే ముందు ఆ కంపెనీ సైటులో నమూనా పేజీలు, బిడ్డ ఏ మెట్టులో ఉన్నాడో చూసే పరీక్ష ఉన్నాయేమో చూడండి. టీచరు పుస్తకంలో ఒక పాఠం తీసి గట్టిగా చదవండి. చదివాక "రేపు పొద్దున ఇది నేను చెప్పగలను" అనిపిస్తే అది మీ పుస్తకం. సామాన్లు తీయడానికే అరగంట పట్టే పాఠం అయితే, చంకలో చంటిబిడ్డ ఉన్న తల్లి వారం తర్వాత దాన్ని అటక మీద పెడుతుంది. ఈ వయసుకు రోజుకు 15 నుంచి 20 నిమిషాలు చాలు. ఒకసారి కొన్నాక మూడు నెలలకోసారి మార్చకండి. పక్కింటి బిడ్డ రెండంకెల కూడికలు చేస్తున్నాడని మీ బిడ్డను పేజీలు దూకించకండి. పునాది తడిగా ఉండగా గోడ లేపితే ఏమవుతుందో ఊళ్ళో మేస్త్రీ చెబుతాడు.

"మేం ఎక్కాలు బట్టీపట్టే కదండీ పైకొచ్చాం" అని నాన్నలు అంటారు. నిజమే, ఎక్కాలు నోటికి రావాలి. ఏడు ఎనిమిదులు ఎంతో ప్రతిసారీ వేళ్ళు ముడిచి చూసుకునే బిడ్డ పెద్ద లెక్కలో అలసిపోతాడు. కాని మూడు నాలుగులు పన్నెండు అంటే మూడు వరుసల్లో నాలుగేసి పిక్కలని ముందు కంటితో చూడనివ్వండి. చూసిన తర్వాత పట్టిన బట్టీ నిలుస్తుంది. బట్టీతో పైకొచ్చినవాళ్ళు ఈ మాట చెప్పడానికి మిగిలారు. బట్టీ రాక లెక్కలకు దూరమైనవాళ్ళు ఆ మాట చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడి ఊరుకున్నారు. వాళ్ళనూ లెక్కలో వేయాలి కదా.

తప్పు చేసిన బిడ్డను ఎలా చూస్తామన్నది అన్నిటికంటే పెద్ద విషయం. తప్పు కూడిక పాపం కాదు. బిడ్డ ఆరు, ఏడు కలిపి పదకొండు అన్నాడనుకోండి, "తప్పు" అని రబ్బరు అందివ్వకండి. "ఎలా వచ్చింది నాన్నా, నాకు చూపించు" అనండి. పిక్కలు పేర్చి చూపించేటప్పుడు చాలాసార్లు తన తప్పు తనే పట్టుకుంటాడు. అప్పుడు వాడి మొహంలో వెలిగే వెలుగు ఏ పుస్తకమూ అమ్మదు. అమ్మ కోపగించుకుంటుందని జవాబు దాచే బిడ్డ, రేపు పెద్దయ్యాక జీవితంలో చేసిన తప్పులు కూడా దాచడం నేర్చుకుంటాడు. తండ్రులారా, ఇది అమ్మలకు మాత్రమే చెప్పిన మాట కాదు. ఆఫీసు కాల్ అయ్యాక వచ్చి "ఇంకా ఇదేనా?" అని ఒక్క మాట అంటే తల్లీబిడ్డలిద్దరూ కూలిపోతారు. వారానికి రెండు రోజులు మీరే కూర్చోండి.

ఒక మాట చెప్పడానికి వెనకాడను. ఇంట్లో చదివించడం భక్తికి కొలత కాదు. రోజూ కూర్చునే ఓపిక, సమయం ఇద్దరిలో ఎవరికీ లేకపోతే బిడ్డను మంచి బడికి పంపండి. అది విశ్వాసం తగ్గడం కాదు, ఖర్చు లెక్క చూసుకున్న గోపురం మనిషి తెలివి. ఇంట్లోనే చదివిస్తామనుకునేవాళ్ళు, మన దేశంలో ఉన్నవాళ్ళయితే, పదో తరగతి పరీక్ష నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ ద్వారా రాయించవచ్చని, దానికి కనీసం 14 ఏళ్ళు నిండాలని ముందే తెలుసుకుని ఉండండి.

ఊళ్ళో ఉండి పిల్లల్ని బడికి పంపుతున్న మన సంఘస్తులకు కూడా ఈ మాటలన్నీ వర్తిస్తాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఎన్‌సీఈఆర్‌టీ వారు 2023లో ఒకటి, రెండు తరగతులకు తెచ్చిన జాయ్‌ఫుల్ మ్యాథమేటిక్స్ పుస్తకాలు వారి సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో తెరిచి చూడండి. సాయంత్రం దీపాల వేళ ఓ పావుగంట బిడ్డతో వామనగుంటలు ఆడండి. గుంటకు ఇన్నేసి పిక్కలు పంచడం, ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించడం, గెలిచినవి లెక్కపెట్టడం, అంతా లెక్కలే. బియ్యం కొలిచేటప్పుడు బిడ్డ చేతికి సోల ఇవ్వండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని వాడి చేత్తోనే కొలవనివ్వండి. బియ్యం కింద పడితే ఏరుకోవచ్చు.

ఈ వారం పుస్తకం కొనబోయే తల్లిదండ్రులు ఒక చిన్న పని చేయండి. డబ్బు కట్టే ముందు ఇరవై చింతపిక్కలో, రాజ్మా గింజలో తీసుకుని బిడ్డతో నేల మీద కూర్చోండి. వాడు ఎక్కడిదాకా చూసి చెప్పగలడో, ఎక్కడ తడబడతాడో నెమ్మదిగా గమనించండి. ఆ తడబడే చోటు నుంచి మొదలయ్యే పుస్తకం కొనండి. వయసుకు తగ్గ అంకె అట్ట మీద లేకపోయినా పర్వాలేదు.

మీ ఇంటి బల్ల దగ్గర కూర్చునే ప్రతి బిడ్డను ప్రభువు జ్ఞానంలో, వయసులో వర్ధిల్లజేయును గాక. వాళ్ళకు పాఠం చెప్పే తల్లులకు, తండ్రులకు దీర్ఘశాంతము అనుగ్రహించును గాక. ఆమేన్.