పట్టాలు రాకముందే పునాది పడాలి

భిలాయి ఉక్కు కర్మాగారపు నీడలో ఉన్న మరోదా స్టేషను చూడబోతే చిన్నదే. దుర్గ్ నుండి దల్లీ రాజహరాకు పోయే శాఖా మార్గంపై మొదట తగిలే స్టేషన్లలో అది ఒకటి. ఆ మార్గాన్ని వేసినది ముఖ్యంగా ప్రయాణీకుల కొరకు కాదు. దల్లీ, రాజహరా కొండలలోని ఇనుప ఖనిజాన్ని కొలుముల వద్దకు చేర్చుట కొరకు. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన తరువాత, ఆ ఖనిజమే ఉక్కుగా, ఉక్కు పట్టాలుగా మారి దేశమంతటా మన బండ్లను మోస్తూ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చిన తెలుగు కుటుంబాల చెమట కూడ ఆ పట్టాలలో ఇంకి ఉన్నది.

ఇప్పుడా మార్గం రాజహరా వద్ద ఆగిపోలేదు. భానుప్రతాప్‌పూర్, అంతాగఢ్‌లు దాటి, 2023 అక్టోబరులో తారోకి వరకు ప్రయాణీకుల బండి ప్రారంభమైనది. అక్కడికి ముందున్నది రావ్‌ఘాట్ గనుల ప్రాంతం. రావ్‌ఘాట్ నుండి జగదల్‌పూర్ వరకు దాదాపు 140 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ పని పూర్తయిన నాడు మరోదా మీదుగా పోయే బండి బస్తర్ నడిబొడ్డుకు చేరుతుంది. నేడు రాయపూర్ నుండి దాదాపు 300 కిలోమీటర్లు రోడ్డు మీద పోవలసిన చోటికి, లేదా రాయగడ, కోరాపుట్‌ల మీదుగా చుట్టు తిరిగి రైలులో చేరవలసిన చోటికి, తిన్నని దారి ఏర్పడుతుంది. చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలకు, కాంగేర్ లోయ అడవులకు యాత్రికుల తాకిడి పెరుగుతుంది.

ఖనిజం బయటకు పోయిన దారినే యాత్రికుడు లోపలికి వస్తాడు. అతడు తెచ్చే రూపాయి ఎవరి చేతికి చేరుతుంది? ఇదీ నేడు మన ముందున్న ప్రశ్న.

ఇది మనకు సంబంధం లేని ప్రశ్న అని కొందరు మిత్రులు అనవచ్చును. వేతనాలు, పింఛను, ఖాళీల భర్తీ, కాంట్రాక్టు పద్ధతి వంటి సమస్యలు ఇన్ని ఉండగా యాత్రల ప్రసక్తి ఎందుకని అడగవచ్చును. వారికి ఒక స్వానుభవం మనవి చేస్తాను. కొన్నేళ్ళ క్రితం ఇద్దరు సహోద్యోగుల కుటుంబాలతో కలిసి ఒక ఏజెంటు ద్వారా ఏజెన్సీ ప్రాంతానికి విహారయాత్రకు వెళ్ళాను. తలకు ఇంత చొప్పున సొమ్ము పట్నంలోనే ముందుగా చెల్లించాము. రాత్రి భోజనాలయ్యాక వంట చేసిన కుర్రవాడితో మాట కలిపితే తేలినదేమంటే, అతడు ఆ పక్క ఊరివాడే. మేమున్న బస కట్టిన నేల ఒకప్పుడు అతని తాతది. ఆ రోజు అతనికి ముట్టిన కూలి మాలో ఒక్కరి భోజనానికి ఏజెంటు తీసుకున్న ధరకన్న తక్కువ. భవిష్యనిధి లేదు, సెలవు లేదు, రేపటికి పని ఉంటుందన్న హామీ లేదు. జీవితమంతా కాంట్రాక్టు పద్ధతికి వ్యతిరేకంగా వేదికలెక్కి మాట్లాడిన నేను, ఆ రెండు రోజులూ ఆ పద్ధతికే డబ్బిచ్చి పోషించానన్నమాట! ఆ మాట నన్ను నేటికీ వదలలేదు.

మన సంఖ్యాబలమెంతో, దానికి ఈ విషయంలో ఎంత శక్తి ఉన్నదో మనం ఎన్నడూ లెక్క వేసుకోలేదు. రైల్వే, తపాలా ఉద్యోగులు, పింఛనుదారులు, వారి కుటుంబాలు కలిస్తే పెద్ద సంఖ్యే. మనం ఎల్.టి.సి. అని పిలుచుకునే సెలవు ప్రయాణ రాయితీ గాని, రైల్వేవారి పాసు గాని చెల్లించేది దారి ఖర్చు మాత్రమే. బసకు, భోజనానికి, స్థానికంగా తిరుగుటకు అయ్యే వ్యయం మన జేబులోనిది. అంటే ఏ ఇంటి ముందు దిగాలి, ఎవరి చేతి అన్నం తినాలి, ఎవరి బండి ఎక్కాలి అనే నిర్ణయం పూర్తిగా మనదే. ఆ అధికారాన్ని మనం ఏజెంటుకు ధారపోస్తున్నాము.

అరకు అనుభవం మన కళ్ళ ముందున్నదే. బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చుటకై 1960లలో వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గం అరకు లోయను యాత్రాస్థలంగా మార్చింది. 2017 ఏప్రిల్ నుండి అద్దాల పెట్టె కూడ ఆ బండికి తగిలించారు. సొరంగాలు దాటి, బొర్రా గుహలు చూచి, థింసా నాట్యం చూచి, సాయంకాలానికి తిరిగి వచ్చే యాత్రికుడు ఆ కొండలకు మిగిల్చిపోయేది తరచుగా ప్లాస్టిక్కు సంచులే. 1/70 చట్టం గిరిజనుని భూమిని కాపాడవలసి ఉన్నది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణను మరింత గట్టిపరచింది. అయినను బినామీ పేరుతో కౌలు, భాగస్వామ్యం పేరుతో కబ్జా ఎక్కడ చొరబడినా, నేలకు యజమాని తన నేల మీదనే కూలివాడవుతాడు. చట్టం ఒక్కటే చాలదు; దానిని నిలబెట్టే స్థానిక సంఘటిత శక్తి కావాలి.

అటువంటి శక్తి ఎక్కడైనా ఉన్నదా అంటే, ఉన్నది. కాంగేర్ లోయలో ధుర్వా గిరిజనులు నివసించే ధూడ్‌మారాస్ అనే చిన్న గ్రామమున్నది. అక్కడి యువకులు కాంగేర్ నదిలో వెదురు తెప్పలు, చిన్న పడవలు నడుపుతారు. కుటుంబాలు తమ ఇళ్ళలోనే అతిథులకు బస ఇచ్చి తమ వంటకాలే వడ్డిస్తాయి. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2024లో తన ఉత్తమ గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ప్రపంచమంతటి నుండి ఎన్నుకున్న 20 గ్రామాలలో ధూడ్‌మారాస్ ఒకటి. మన మారేడుమిల్లి అడవులలో గిరిజనులు సభ్యులుగాగల వన సంరక్షణ సమితులు అటవీశాఖతో కలిసి యాత్రికుల విడిది నడుపుతున్నాయి. అడవిని నరికితే వచ్చేదానికన్న నిలిపితే వచ్చేది మేలని అక్కడివారికి తెలియజెప్పినది ఉపన్యాసం కాదు, చేతికందిన ఆదాయం.

అయితే బిరుదులు చూచి మురిసిపోరాదు. భూదాన్ పోచంపల్లికి ఇదే అంతర్జాతీయ సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామమనే గుర్తింపు ఇచ్చింది. తెలుగువారందరూ గర్వించదగినదే. కాని వచ్చిన యాత్రికుడు నేతగాని గుమ్మంలో చీర కొంటేనే ఆ గుర్తింపు మగ్గానికి అన్నం పెడుతుంది; రహదారి పక్క పెద్ద దుకాణంలో కొంటే పెట్టదు. కనుక ఒక యాత్రా సంస్థ సమాజం పట్ల బాధ్యత వహిస్తున్నదా లేదా అని తేల్చుటకు నాలుగు ప్రశ్నలు చాలును. యాజమాన్యం ఎవరిది? డ్రైవరుకు, వంటమనిషికి, దారి చూపేవానికి చట్టప్రకారం వేతనం, భవిష్యనిధి ఉన్నవా? జమాఖర్చులు ఊరి ముందు చదువుతున్నారా? నీరు, చెత్త, శబ్దం, జనసమ్మర్దం విషయంలో గ్రామసభ ‘వద్దు’ అంటే ఆ మాట చెల్లుతుందా? నాల్గింటికీ సరియైన జవాబు లేని చోట గోడల మీద ఎంత పచ్చరంగు పూసినా అది పాత కాంట్రాక్టే.

శ్రామికులు వ్యాపారం నడపలేరనే మాట మనం చాలాకాలంగా వింటున్నాము. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, వీధిన పడిన కార్మికులు ఎ.కె. గోపాలన్ నాయకత్వాన సహకార సంఘాలుగా ఏర్పడి 1957 నుండి వాటిని తామే నడపసాగారు. జబల్‌పూర్ కేంద్రంగా గల వారి సంఘపు కాఫీ హౌసులు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ పట్టణాలలో నేటికీ నడుస్తున్నాయి. కేరళలో 1925లో కొద్దిమంది కూలీలతో మొదలైన ఊరాళుంగల్ లేబర్ కాంట్రాక్టు సహకార సంఘం రోడ్లు, వంతెనలు కట్టుటతో ఆగక, 2011లో ప్రారంభమైన ఇరింగల్ హస్తకళా గ్రామాన్ని కూడ నిర్వహిస్తున్నది. కాంట్రాక్టరు లేని కాంట్రాక్టు సాధ్యమేనని ఆ సంఘం నూరేళ్ళుగా రుజువు చేస్తున్నది.

అంత దూరం పోనక్కరలేదు. మరోదాలో బండి ఎక్కి దల్లీ రాజహరాలో దిగండి. 1977 జూన్‌లో జరిగిన కాల్పులలో ప్రాణాలర్పించిన గని కార్మికుల స్మృత్యర్థం అక్కడ షహీద్ ఆసుపత్రి 1983లో వెలసింది. శంకర్ గుహ నియోగీ నాయకత్వంలోని గని కార్మికులు, ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలు, తమ చందాలతో, తమ శ్రమదానంతో నిర్మించుకున్న వైద్యశాల అది. 1991 సెప్టెంబరు 28న నియోగీని భిలాయిలో హత్య చేశారు, ఆసుపత్రి నిలిచింది. రెక్కలు తప్ప ఆస్తి లేనివారు ఆసుపత్రినే కట్టగలిగినప్పుడు, నాలుగు గదుల విడిదిని, రెండు బండ్లను నిజాయితీగా నడపలేరా?

మరోదాకు వస్తే, ఇక్కడి పరిస్థితి ఇట్టి ప్రయత్నానికి అనుకూలంగానే ఉన్నది. 1972లో భారత సోవియట్ మైత్రికి గుర్తుగా ఉక్కు కర్మాగారం నెలకొల్పిన మైత్రీబాగ్ ఇక్కడే ఉన్నది. 2024 సెప్టెంబరు నుండి దుర్గ్, విశాఖపట్టణాల మధ్య విజయనగరం, పార్వతీపురం, రాయగడల మీదుగా వందే భారత్ బండి నడుస్తున్నది. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడు భాషలూ మాట్లాడగల విశ్రాంత ఉద్యోగులున్నారు. వారి పిల్లలలో చదువుండి పని లేనివారున్నారు. కర్మాగారంలో కాంట్రాక్టు పని ఆగిన రోజుల్లో పస్తులుండే డ్రైవర్లున్నారు. బస్తర్ దారిలో యాత్రికుడు మొదట దిగే ఊరుగా మరోదా, భిలాయిలు తయారు కావచ్చును. కాని మరోదా వారు బస్తర్ గ్రామాలపై కొత్త దళారులుగా మారరాదు. ఇక్కడి సంఘం ప్రయాణాన్ని, ఒక పూట బసను చూడాలి. అక్కడి బస, భోజనం, దారి చూపుట అక్కడి గ్రామ సంఘాల చేతిలోనే ఉండాలి. అతిథి చెల్లించిన ప్రతి రూపాయిలో ఎవరి వాటా ఎంతో రసీదు మీదనే అచ్చు వేయాలి.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. సర్వీసులో ఉన్న ఉద్యోగికి ప్రవర్తనా నియమావళి వ్యాపారం చేయుటకు అనుమతించదు. కనుక నిర్వహణ భారం స్థానికులు, విశ్రాంత ఉద్యోగులు సహకార సంఘంగా రిజిష్టరై వహించవలసినదే. సర్వీసులోనివారు చేయగలిగినది అంతకన్న చిన్నదేమీ కాదు. మన శాఖలు, డివిజన్లు జరుపుకునే యాత్రలను ఇట్టి సంఘాలకే అప్పగించాలి. తపాలా మిత్రులు, ముఖ్యంగా పల్లెలలోని గ్రామీణ డాక్ సేవకులు, గ్రామ సంఘానికి 2018లో ప్రారంభమైన తపాలా పేమెంట్స్ బ్యాంకులో ఖాతా తెరిపించి, బస్తర్ డోక్రా లోహశిల్పాలు దళారీ లేకుండ పార్సెలు ద్వారా కొనుగోలుదారునికి చేరేటట్లు చూడగలరు. రైల్వే మిత్రులు స్టేషనులో దిగిన యాత్రికునికి ఏ సంఘం ఊరివారిదో నిజం చెప్పగలరు.

కష్టాలు ఉండవని మభ్యపెట్టుట మా ఉద్దేశ్యం కాదు. వర్షాకాలంలో యాత్రలుండవు. అప్పు చేసి బండ్లు కొన్న సంఘం ఒక్క చెడ్డ సంవత్సరంతో కూలిపోగలదు. బస్తర్ ప్రజలు దశాబ్దాల హింసను చవిచూచినవారు; వారి ఇంటి ముంగిట కెమెరాతో నిలబడే ముందు వారి సమ్మతి అడుగుట కనీస మర్యాద. అందుచేత చిన్నగా ఆరంభించాలి, ఏటేటా మిగులులో కొంత నిలవ చేయాలి, గిరాకీ వచ్చినదని ఊరు మోయలేని బరువు ఎత్తరాదు. ఎదుగుదల అంటే బండ్ల సంఖ్య పెరుగుట మాత్రమే కాదు; ఊరిలో వలస పోకుండా నిలిచిన యువకుల సంఖ్య పెరుగుట.

మనలో కూడ సరిదిద్దుకోవలసినది ఒకటున్నది. పే కమిషను ముందు న్యాయమైన వేతనం కొరకు వాదించే మనమే, యాత్రలో వంటవాని కూలి దగ్గర పదిరూపాయలకు గీచి గీచి బేరమాడుతాము. ఆ అలవాటు మానకుండా బాధ్యతాయుతమైన యాత్రలను గురించి తీర్మానాలు చేయుట ఆత్మవంచన.

పట్టాలు వేసే పని ప్రభుత్వానిది. అవి తప్పక వస్తాయి, ఖనిజం కొరకైనా వస్తాయి. వాటి వెంట పెట్టుబడి కూడ వస్తుంది, నేలలకు ధరలు కట్టబడతాయి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు ఇచ్చిన అధికారాలను వాడుకొనే సంఘం అప్పటికే నిలిచి ఉంటే బేరం ఒక తీరున ఉంటుంది. లేకున్న మరొక తీరున ఉంటుంది. ఆ తేడా ఎంతటిదో గనుల చరిత్ర మనకు నేర్పినది. కనుక సోదర ఉద్యోగులారా, వచ్చే సెలవులకు టిక్కెట్టు తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకొండి: మనం దిగబోయే ఇల్లు ఎవరిది? ప్రతి శాఖా ఈ సంవత్సరపు యాత్రను ఒక్క గ్రామ సంఘం ద్వారా జరిపి, ఎంత ఖర్చయినదో, అందులో ఎంత ఆ ఊరిలో నిలిచినదో లెక్క వ్రాసి ఈ బులెటిన్‌కు పంపవలసినదిగా కోరుచున్నాము. ఆ లెక్కలే మన తదుపరి అడుగుకు దారి చూపుతాయి.